కొండ సైకిలు సాధన — సగము బలము నియమము

కొండ సైకిళ్ళ పందెములకు వయస్సును, లక్ష్యమును బట్టి సాధన చేయుట యెట్లు అనునది నేటి ప్రసంగ విషయము. తెలుగు చెప్పుకొని బ్రదికిన బడిపంతులు సైకిలు పందెములను గూర్చి మాటాడుట యేమని మీలో పెద్దలు నవ్వుకొందు రేమో. నవ్వుకొనినను దోషము లేదు, కడవరకు వినుడు. సైకిలు క్రొత్తదే గాని సాధన క్రొత్తది కాదు. సుశ్రుతుని నాటినుండియు పెద్దలు విచారించుచు వచ్చిన విషయ మిది.

మన గోదావరి సీమలో సైకిలు నెరుగని యిల్లు లేదు. ధవళేశ్వరము ఆనకట్ట 1852లో పూర్తియైన పిమ్మట కాలువలు వచ్చినవి. కాలువలతో గట్లు వచ్చినవి. ఆ గట్లే మనకు తొలి సైకిలు బాటలు. పాలబిందెలు, అరటిగెలలు, కొబ్బరికాయల బస్తాలు, బడికి పోవు పిల్లలు — అన్నియు దానిపైననే నడచినవి. నేల అరచేయివలె చదును. ఎత్తెక్కుట యనగా మనకు లాకుల కడ వంతెన యెక్కుటయే. అట్టి మన యూళ్ళ పిల్ల లిప్పుడు రంపచోడవరము దాటి మారేడుమిల్లి ఘాటులో సైకిలు త్రొక్కవలెనని, పందెములలో నిలువవలెనని కోరుచున్నారు. కోరిక మంచిదే. దానికి త్రోవ యేది?

గత సంక్రాంతికి నా పూర్వశిష్యుడొకడు మా యింటికి వచ్చెను. వానితో 13 ఏండ్ల కొడుకును, అన్నకొడుకు 21 ఏండ్లవాడును వచ్చిరి. చేతిలో అచ్చువేసిన కాగిత మొకటి కలదు. అందు పండ్రెండు వారముల సాధన వరుసగా వ్రాసియున్నది: సోమవార మింత, మంగళవార మింత, ఆదివారము నాలుగు గంటలు. ఎవరికని లేదు, ఏ వయస్సుకని లేదు. పిల్లవాడును దాని ప్రకారమే చేయుదు ననుచున్నాడు, పెద్దవాడును దాని ప్రకారమే చేయుదు ననుచున్నాడు. తండ్రి నాతో మెల్లగా ఒక మాట యనెను. ఆ మాట తరువాత చెప్పెదను. ముందు ఆ కాగితమును జూచినప్పుడు నాకు దోచిన చరిత్రను విన్నవించెదను.

వ్యాయామమును గూర్చి సుశ్రుతుడు చెప్పినంత స్పష్టముగా చెప్పినవారు అరుదు. వయస్సు, బలము, శరీరము, దేశము, కాలము, ఆహారము — ఈ యారింటిని పరీక్షించిన పిమ్మటనే వ్యాయామము చేయవలయు ననియు, లేనిచో రోగము కలుగు ననియు నాతడు శాసించెను. ఎంత చేయవలెను? తనకు గల బలములో సగము మాత్రమే. సగము బలము ఖర్చయిన దని తెలియుట కొక గురుతును చెప్పెను: హృదయమందలి వాయువు నోటికి వచ్చినప్పుడు, అనగా ముక్కుతో పీల్చుట చాలక నోరు తెరచి రొప్ప నారంభించినప్పుడు, అదియే సగము. వాగ్భటుడు దీనికి కాలనియమమును చేర్చెను: మంచి తిండి తిను బలవంతుడు చలికాలమునను వసంతమునను సగము బలము వినియోగింపవచ్చును, మిగిలిన ఋతువులలో అంతకంటె తక్కువయే. చరకుడు ఒక హెచ్చరిక చేసెను. శక్తికి మించి శ్రమించువాడు, ఏనుగును ఈడ్చుకొనిపోవ బూనిన సింహము వలె నశించునట. సింహమునకు బలము లేక కాదు, కొలత లేక.

అవి వైద్యుల మాటలు. గురువుల తీరు చూడవలెనన్న భారతము కలదు. మన రాజమహేంద్రవరమున నన్నయభట్టు తెలిగించిన ఆదిపర్వములో ద్రోణుడు నూటయైదుగురు రాజకుమారులకు విద్య నేర్పినాడు. అందరి నొక్క వరుసలో నిలువబెట్టి ఒక్క విద్యయే నేర్పెనా? లేదు. భీమదుర్యోధనులు గదలో మేటు లైరి, నకులసహదేవులు కత్తిలో, ధర్మరాజు రథములో, అర్జునుడు వింటిలో. గురువు ఒక్కడే, శిష్యుని బట్టి విద్య వేరు. పురాణకాలక్షేపములో మన మీ ఘట్టమును వందసారులు వినియుందుము గాని, బడిలో డ్రిల్లు చేయించునప్పుడు దానిని మరచుచుందుము.

క్రీ. శ. 1130 ప్రాంతమున కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు మానసోల్లాస మను మహాగ్రంథమును కూర్చెను. అందు మల్లవినోద మను భాగమున్నది. మల్లులను వయస్సును, దేహపరిమాణమును, బలమును, నేర్పును బట్టి తరగతులుగా విడదీసి, వారి తిండిని, సాధనను అందు వివరించినారు. బరువు లెత్తుట వేరు, తిరుగుట వేరు, నీట నీదుట వేరు, స్తంభమును పట్టుకొని చేయు శ్రమ వేరు. ఇన్ని విధములైన శ్రమలను కలిపి మల్లుని తయారు చేయుదురు గాని, ఒక్క కుస్తీయే రోజంతయు పట్టించరు. నేటి సైకిలు వీరునకు సైకి లొక్కటియే చాలదని శిక్షకులు చెప్పుచున్నారు. తొమ్మిది వందల యేండ్లకు పూర్వమే మన దక్షిణదేశపు రాజుగారి కొలువులో ఆ సంగతి యెరుగుదురు.

కొలత తప్పిన శిక్షకుని వలన ఏమి జరుగునో గ్రీకుదేశపు కథ యొకటి చెప్పుచున్నది. క్రీ. శ. మూడవ శతాబ్దమున ఫిలోస్ట్రాటస్ అను పండితుడు వ్యాయామశిక్షణను గూర్చి యొక గ్రంథము వ్రాసెను. ఆ కాలపు శిక్షకులు నాలుగు దినముల చక్రమును పాటించుచుండిరి: మొదటిదినము సన్నాహము, రెండవదినము తీవ్రశ్రమ, మూడవదినము విశ్రాంతి, నాల్గవదినము మధ్యమశ్రమ. చక్రము చెడ్డది కాదు. గెరెనోస్ అను మల్లుడు ఒలింపియాలో గెలిచి, మిత్రులతో విందులు కుడిచి, నిద్ర చెడి, మరునాడు సాధనశాలకు వచ్చి తనకు ఒడలు బాగుగా లేదని మొరపెట్టుకొనెను. శిక్షకుడు కోపించెను, చక్రమును సడలింప నొల్లడయ్యెను. ఆ సాధనలోనే ఆ మల్లుడు ప్రాణము విడిచెను. జగజ్జెట్టిని ఓడింప ప్రత్యర్థుల వలన కాలేదు. ఎదుట నున్న మనిషిని చూడక వరుసనే చూచిన శిక్షకుని వలన అయినది.

మన ఆంధ్రదేశమునకు మరలి వత్తము. ఊరూర గరిడీ యుండిన దినములు పెద్దలకు తెలియును. దండీలు, బస్కీలు, కర్రసాము — గురువు కంటిచూపే కొలబద్ద. ఆ సంప్రదాయమున పుట్టి, పాఠశాల వ్యాయామములోనికి వచ్చిన మహాపురుషుడు వీరఘట్టము వాస్తవ్యుడు కోడి రామమూర్తినాయుడుగారు. సైదాపేటలో శిక్షణము పొంది విజయనగరమున వ్యాయామోపాధ్యాయుడై, పిమ్మట తన బలప్రదర్శనములచే దేశదేశముల కీర్తి గడించి 1942లో పరమపదించెను. ఆయన బలములో ప్రాణాయామమునకు, అనగా ఊపిరిని అదుపున నుంచుకొనుటకు, గొప్ప స్థానమున్నది. సుశ్రుతుడు ఊపిరిని గురుతుగా చెప్పెను. రామమూర్తిగారు ఊపిరిని బలముగా చేసికొనిరి. 1920లో హ్యారీ క్రో బక్ అను నమెరికా దేశస్థుడు మద్రాసులో వ్యాయామశిక్షణ కళాశాలను స్థాపించిన పిమ్మట, అట్టి చదువు చదివిన ఉపాధ్యాయులు మన బడులకును రాజొచ్చిరి. మేలే జరిగినది. అయినను చాలచోట్ల నలువదిమంది పిల్లలకు ‘ఒకటి, రెండు, మూడు’ అను ఒక్క కేక, ఒక్క కొలత మిగిలిపోయినవి.

ఇక కొండసైకిలు సంగతి. దీని పుట్టుక విన్నచో మన పెద్దలకు ముచ్చట కలుగును. 1970 దశాబ్దిలో అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కోకు ఉత్తరముననున్న మెరిన్ మండలపు కొండలలో కొందరు యువకులు, మన హెర్క్యులీసు సైకిళ్ళ వలె బరువైన పాత సైకిళ్ళను, లావుటి టైర్లవానిని ఏరి తెచ్చి మట్టిబాటల వెంబడి దిగుచుండిరి. 1976లో అచ్చట పందెములు మొదలైనవి. సుమారు 3 కిలోమీటర్లలో 400 మీటర్లు దిగవలెను. దిగులోపల వెనుకచక్రపు బ్రేకులోని గ్రీజు కాలి పొగయై పోవును. క్రిందికి చేరిన ప్రతిసారియు మరల గ్రీజు కూరవలెను. ‘మరల కూరుట’ అను నర్థము గల ‘రీప్యాక్’ అను పేరు ఆ పందెమునకు అందువలననే వచ్చెను. 1990లో ప్రపంచ పోటీలు ప్రారంభమై, 1996 అట్లాంటా ఒలింపిక్సులో ఈ క్రీడ ప్రవేశించెను. అచ్చట పురుషులలో హాలెండు దేశపు బార్ట్ బ్రెంట్యెన్స్, స్త్రీలలో ఇటలీ దేశపు పావొలా పెజ్జో గెలిచిరి.

ఇందు పందెము లనేకవిధములు. కొండ దిగు పందెము కొలది నిమిషములలో ముగియును. దానికి నేర్పును, ధైర్యమును, విసురును ముఖ్యము. ఒలింపిక్సులోని యడవిబాటల పందెము ఇంచుమించు గంటన్నర. దానికి దమ్ము ముఖ్యము. దూరపు పందెములు గంటల తరబడి సాగును. దానికి ఓర్పును, తిండిని మోతాదుగా తినుటయు ముఖ్యము. లక్ష్యము వేరైనచో సాధన వేరు కాక తీరదు. వయస్సును బట్టియు తరగతులు కలవు: 17, 18 ఏండ్లవారు జూనియర్లు, ఆపై 23 లోపువారు వేరు, ఆపై పెద్దలు, నడివయస్సు దాటినవారికి మాస్టర్ల పందెములు వేరు. పందెము నడుపువారే వయస్సును విడదీసినప్పుడు, సాధన నడుపువాడు కలిపివేయుట న్యాయమా?

ఇరువదవ శతాబ్దమున ఈ శాస్త్రము బహుముఖముల వర్ధిల్లినది. న్యూజిలాండులో చెప్పుల ఫ్యాక్టరీలో పనిచేసిన ఆర్థర్ లిడియార్డు అను నాతడు తన శిష్యులను ముందు నెలల తరబడి దూరముగా, మితవేగమున పరుగెత్తించి, తరువాతనే తీవ్రశ్రమకు దింపెడివాడు. 1960 రోము ఒలింపిక్సులో ఆతని శిష్యులు పీటర్ స్నెల్, మర్రే హాల్బర్గ్ ఒక్కనాడే రెండు స్వర్ణపతకములు గెలిచిరి. అంతకంటె నాకు గొప్పగా తోచినది మరొకటి కలదు. ఆతడే కొలది యేండ్లలో ఆక్లండు నగరమున గుండెజబ్బు వచ్చిన నడివయస్కులను కూడగట్టి, మాటాడుకొనుచు మెల్లగా పరుగెత్తుట నేర్పెను. గురువు ఒక్కడే, ఒకరికి స్వర్ణము, ఒకరికి ఆయుర్దాయము. రష్యాదేశపు మత్వేయెవ్ 1960 దశాబ్దిలో సంవత్సరమును సన్నాహకాలము, పందెపుకాలము, విశ్రాంతికాలము అని మూడుగా విభజించి గ్రంథము వ్రాసెను. మనకిది వింత కాదు. సార్వా వేయుదుము, దాళ్వా వేయుదుము, వేసవిలో కాలువలు కట్టివేసి చేనుకు విశ్రాంతి నిత్తుము. మూడువందల అరువదైదు దినములును నీరుపెట్టిన చేను చౌడు బారును. దేహమును అట్టిదే.

నేటికాలమున నార్వేలో పనిచేయు స్టీఫెన్ సైలర్ అను శాస్త్రజ్ఞుడు మేటి క్రీడాకారుల సాధనలను లెక్కించి చూచెను. వారి సాధనలలో నూటికి ఇంచుమించు 80 తేలికగా, మాటాడగలిగినంత వేగమున జరుగుచున్నవి. తీవ్రమైనవి తక్కిన కొలది మాత్రమే. నోరు తెరచి రొప్పక మునుపే ఆగుమన్న సుశ్రుతుని వాక్యమునకు ఇది దగ్గరిచుట్టము. పందెగాడు ఆ గీత దాటవలసినమాట నిజమే. కాని తఱచు దాటరాదు.

ఇప్పుడు నా తప్పును చెప్పుకొనవలసియున్నది. 1989లో నేను పనిచేసిన యూరిలో సంక్రాంతికి సైకిలు పందెము పెట్టించితిని. తొమ్మిది, పది తరగతుల పిల్లల నందరను తెల్లవారక మునుపే లేపి, కాలువగట్టుపై ఎదురుగాలిలో ఇరువది కిలోమీటర్లు త్రొక్కించితిని. పెద్దవాడు, చిన్నవాడు అని చూడలేదు. తిని వచ్చినాడా, తినక వచ్చినాడా యని అడుగలేదు. ఒక్కదినమైన సెలవు ఈయలేదు. వారిలో కృశించిన పిల్లవా డొక్కడు, 13 ఏండ్లవాడు, నా మెప్పు కొరకు ముందువరుసలో త్రొక్కుచుండెను. పదునొకండవనాడు వాడు గట్టుమీద పడిపోయెను. మూడు వారములు జ్వరము. పరీక్షలు పోయినవి, ఏడాది పోయినది. వాని తండ్రి నన్నొక్క మాటయు అనలేదు. అనియుండినచో నా మనసు కొంత తేలిక పడియుండెడిది.

ఆ పిల్లవాడే యీ సంక్రాంతికి కాగితము పట్టుకొని వచ్చిన తండ్రి. వాడు నాతో మెల్లగా అనిన మాట యిది: “మాస్టారండీ, నాడు నాకు పెట్టిన సాధన మా వాడికి పెట్టకండి.” వాని గొంతులో కోపము లేదు. గురువని నమ్మియే వచ్చినాడు. నే నా యచ్చుకాగితమును మడిచి ప్రక్కన బెట్టి, రెండు దినములు ఆలోచించి, మూడు కాగితములు వ్రాసి యిచ్చితిని. వాని సారాంశము మీ యిండ్లలోని పిల్లలకును పనికివచ్చును గనుక చెప్పుచున్నాను.

మొదటిది 13 ఏండ్ల పిల్లవానిది. వాని లక్ష్యము గెలుపు కాదు, సైకిలుపై ప్రేమయు, నేర్పును. వారమునకు మూడుదినములు, గంటకు మించక. నెమ్మది సైకిలు పందెమును బడిలో ఆడనివాడుండడు. కాలు నేల మోపక కడపట చేరువాడు గెలుచును. తూకమునకు అంతకుమించిన పాఠము లేదు. లంకలలోని యిసుకబాటపై త్రొక్కుట, రెండు బ్రేకులను సమముగా పట్టుట, ముందుచక్రమును గాక ముందున్న త్రోవను చూచుట నేర్వవలెను. తక్కిన దినములలో కబడ్డీ ఆడవలెను, పెద్దల యెదుట ఈదవలెను. ఎదుగు ఎముకలకు ఒక్కటే పని పెట్టరాదు. నిద్రయు, తిండియు సాధనలోని భాగములే. జూనియరు పందెములకు 17 ఏండ్లు రావలెను. నాలుగేండ్ల వ్యవధి యున్నది. తొందర యెవరికి? పిల్లవానికి కాదు, మనకే.

రెండవది 21 ఏండ్లవానిది. వాని లక్ష్యము గంటన్నర పందెము. వ్యవధి నాలుగు నెలలు. మొదటి రెండు నెలలు వారమునకు ఐదుదినములు తేలికగా త్రొక్కవలెను; ఆదివారము మూడుగంటల వరకు పెంచవలెను. పిమ్మటి నెలన్నర వారమునకు రెండుదినములు మాత్రము తీవ్రశ్రమ: నాలుగు నిమిషములు గట్టిగా ఎత్తెక్కి, అంతే సేపు మెల్లగా దిగి, అట్లు నాలుగుసార్లు. మనకు కొండ లేదందు రేమో. ఎదురుగాలి మన కొండ. వెసులుబాటు దొరకినప్పుడు మాత్రము రంపచోడవరము వైపు పోయి నిజమైన యెత్తును, అంతకంటె ముఖ్యముగా నిజమైన దిగుడును నేర్వవలెను. పడువారు ఎక్కునప్పుడు కంటె దిగునప్పుడే యెక్కువ. దిగునప్పుడు తొడుక్కొనిన శిరస్త్రాణమే ప్రాణము. ప్రతి నాల్గవ వారము భారము తగ్గింపవలెను. కడపటి పదిదినములు సాధనను సగమునకు దింపవలెను. వారమునకు రెండుమారులు దండీలు, బస్కీలు. గంటకు మించిన సాధనలో అరటిపండో, బెల్లపు పానకమో గంటగంటకు పుచ్చుకొనవలెను. వేసవిలో ఎండ యెక్కక మునుపే యిల్లు చేరవలెను. జ్వరము వచ్చినను, నిద్ర చెడినను కాగితము అబద్ధమగును, ఆనాడు సెలవు. గెరెనోస్ కథను వానిచేత చెప్పించుకొంటిని.

మూడవది నాబోటి వృద్ధులది. వాగ్భటుడు పిల్లలను, వృద్ధులను వ్యాయామము మానుమనెను. ఇచ్చట మాత్రము నేటి శాస్త్రము ఆయన మాటను సవరించుచున్నది. 1990లో బోస్టను నగరమున తొంబదియేండ్ల ప్రాంతపు వృద్ధులచేత ఎనిమిది వారములు కాళ్ళతో బరువు లెత్తించిరి. వారి కాళ్ళబలము రెట్టింపునకు మించెను. మానవలసినది వ్యాయామము కాదు, అతి. ప్రపంచ ఆరోగ్యసంస్థవారు పెద్దలకు వారమునకు 150 నిమిషముల మితశ్రమ కనీసముగా చెప్పుచున్నారు. ఐదుదినములు అరగంట చొప్పున కాలువగట్టున త్రొక్కిన సరిపోవును. రెండుదినములు కుర్చీలోనుండి చేయి ఊతలేక లేచి కూర్చుండుట పదేసిమార్లు చేయవలెను. ముందుగా వైద్యునికి గుండెను, రక్తపుపోటును చూపవలెను. ఒకనాడు శ్రమ యెక్కువైనచో రెండునాళ్ళు తేలికగా నడువవలెను. పిల్లవాని దేహము రాత్రికిరాత్రి తేరుకొనును, మనది తేరుకొనదు. మన లక్ష్యము పందెము కాదు. ఎనుబదవయేట కూడ గుడిమెట్లు ఒకరి భుజము పట్టక ఎక్కుట.

కాగితములు మూడును చదివి పిల్లవా డొక ప్రశ్న వేసెను: “తాతగారండీ, సగం బలం అయిందని నాకెలా తెలుస్తుంది?” గడియారములు, గుండె కొట్టుకొనుటను లెక్కించు యంత్రములు ఇప్పుడు దొరకుచున్నవి. అవి లేనివానికి నేను తెలుగుపంతులు చెప్పదగిన యుపాయమే చెప్పితిని. త్రొక్కుచు ఒక పద్యము చదువుము. పాదము పాదమునకు ఊపిరి నిలిచినచో అది తేలిక. నడుమ రెండుచోట్ల తెగినచో అది సగము. అసలు మాటయే రాకున్నచో నీవు గీత దాటితివి.

ఆ సాయంకాలము మేము నలువురమును సైకిళ్ళపై లాకుల దాక పోయి వచ్చితిమి. పిల్లవాడు ముందు, నేను చివర. వంతెన ఎక్కునప్పుడు వాని పద్యము తెగినది. వాడు కాలు దింపి, నిలిచి, ఊపిరి పీల్చుకొని, మరల మొదటి పాదమునుండి ఎత్తుకొనెను. వెనుకనున్న తండ్రి వానిని తొందర పెట్టలేదు, నేనును పెట్టలేదు.